పాలలో పంచదార

అల్పసంఖ్యాకవర్గాలు ఈ దేశంలో ఎట్లా బతకాలి అన్న ప్రశ్నకు మన సభావేదికల దగ్గర ఒక సిద్ధాన్నం వున్నది. అది పార్శీల కథ. పర్షియా నుంచి తరలివచ్చిన జరతుష్ట్ర మతస్థుల ఓడలు గుజరాత్ తీరాన సంజాన్ దగ్గర ఆగాయట. అక్కడి రాజు అంచులదాకా పాలు నింపిన గిన్నె పంపాడట. మా రాజ్యం నిండిపోయింది, మీకు చోటు లేదని దాని అర్థం. వచ్చినవారి పురోహితుడు ఆ పాలలో చిటికెడు పంచదార కలిపి తిప్పి పంపాడట. మీ పాలు పొర్లనీయం, తీపి మాత్రం చేస్తామని దాని అర్థం. రాజు మెచ్చుకున్నాడట. కథ కంచికి పోయింది. ఉపన్యాసం మాత్రం కంచికి పోదు. "కలిసిపోవడమంటే అదీ!" అంటూ వక్త తన చూపుడువేలును మరొకవైపు తిప్పుతాడు. కథలో పాత్రలు పార్శీలు. దెబ్బ తగలవలసిన వీపు వేరొకరిది.

రామాయపట్నం నుంచి దుగరాజపట్నం దాకా ఈ నెల్లూరు తీరం పొడుగునా ఒక్క అగ్ని మందిరం లేదు. మాకు దగ్గరలో వున్నది మద్రాసు రాయపురంలో 1910లో వెలసిన మందిరం. తెలుగుదేశంలో చూడాలంటే హైదరాబాదు, సికిందరాబాదులకు పోవాలి. సికిందరాబాదులో 1847 నాటిది ఒకటి, హైదరాబాదు తిలక్ రోడ్డులో 1904 నాటిది ఒకటి. వారి శవాలను వుంచే దఖ్మా వున్న గుట్టను జనం పార్శీగుట్ట అన్నారు. ఇప్పుడది ఒక పేట పేరు. మన నాటకాల పాటలకు ఒకనాడు పార్శీ మట్లు కట్టారు. ఇంతే మన పరిచయం. ఇంత తక్కువ తెలిసినవారిని గురించి ఇంత తరచుగా నీతి చెప్పుకోవడమే అనుమానించదగ్గ విషయం. తెలియనివారి నోట మనకు కావలసిన మాట పెట్టడం సులువు. కనుక ముందు వారి మాట ఏమిటో విందాం.

పార్శీలు అగ్నిపూజకులు అని బడిలో చదువుకున్నాం. అది సగం మాట. జరతుష్ట్రుడు బోధించిన దైవం అహుర మజ్దా. అహుర అంటే ప్రభువు, మజ్దా అంటే జ్ఞాని. లోకానికి ఒక సత్యమైన క్రమం వున్నది, దాని పేరు అష. ఆ క్రమాన్ని చెరిచే అబద్ధం వున్నది, దాని పేరు ద్రుజ్. మన ఋతమూ ద్రోహమూ ఈ మాటలకు చుట్టాలే. అగ్ని అషకు గుర్తు; దాని ఎదుట నిలబడి ప్రార్థిస్తారు. ఇద్దరు కవలల వంటి మనోవృత్తులు ఆదిలోనే ఎదురుపడ్డాయి, ఒకటి బతుకును, రెండోది బతుకు లేకపోవడాన్ని ఎన్నుకున్నాయి; మనిషి కూడా ఈ రెండింటిలో ఒకదాన్ని ఎన్నుకోవలసిందేనని గాథల్లో వున్నది. ఎన్నిక ఎవరికి వారే చేసుకోవాలి. తండ్రి కొడుకు తరఫున చేయలేడు, మగడు పెండ్లాం తరఫున చేయలేడు. మంచి తలపు, మంచి మాట, మంచి పని అనే మూడింటితో అష పక్షాన పని చేసేవారు ఈ లోకాన్ని కొత్తగా చేస్తారు. లోకం మిథ్య కాదు, వదిలిపోవలసిన బంధం కాదు, బాగుచేయవలసిన పొలం. సన్యాసానికీ, ఉపవాసాలకూ ఆ మతంలో గౌరవం లేకపోవడానికి కారణం ఇదే.

ఇంతవరకు చెప్పగానే మన పండితులలో ఒక వర్గం లేచి నిలబడుతుంది. "ఇందులో కొత్త ఏమున్నది? సోమం హఓమ అయింది, సప్త హప్త అయింది, అసురుడు అహురుడైనాడు. అదంతా వేదానికి పుట్టిన శాఖ, దారితప్పిన శాఖ" అంటారు. భాషాశాస్త్రం చెప్పేది అది కాదు. ఋగ్వేద భాషా, గాథల భాషా అక్కచెల్లెళ్ళు. ఒకతె రెండోదానికి తల్లి కాదు. ఇద్దరి తల్లీ వేరు, ఆమె రాతలో మిగలలేదు. ఇంకొక సంగతి కూడా ఈ పెద్దలు గమనించాలి. సింధువును హిందువుగా పలికింది ఇరానీ నాలుక. వారు గర్వంగా చెప్పుకునే పేరే ఆ "దారితప్పిన" ఉచ్చారణ పెట్టిన భిక్ష.

అంతకంటె ముఖ్యమైనది దేవాసుర వ్యవహారం. మనకు దేవుడు పూజ్యుడు, అసురుడు వధ్యుడు. అక్కడ అహురుడు పూజ్యుడు, దఏవుడు త్యాజ్యుడు. వెందిదాద్ అనే అవెస్తా భాగంలో ఇంద్రుడు దఏవుల జాబితాలో వున్నాడు. ఋగ్వేదంలోనూ తొలుత అసుర శబ్దం తిట్టు కాదు. వరుణుణ్ణి అట్లా పిలవడం మర్యాదే. అంటే ఎవరు దేవుడు, ఎవరు రాక్షసుడు అన్నది ఆకాశంలో నిర్ణయమైన విషయం కాదు. గట్టుకు ఇటువైపు వాడి దేవుడు అటువైపు వాడికి దయ్యం. ఈ ఒక్క పాఠం చాలు, పుట్టుకతోనే కొందరు దైవాంశ గలవారనీ, కొందరు రాక్షసాంశ గలవారనీ చెప్పే పురాణపు వంశవృక్షాలన్నీ వేళ్ళతో పెకలించడానికి. అందుకే మన పండితులు పోలికలు చూపి ఆగిపోతారు. తలకిందులైన ఈ ఒక్క చోటికి రారు.

జరతుష్ట్రుడి కాలం గురించి వాదాలున్నాయి. సంప్రదాయం క్రీ.పూ. 6వ శతాబ్దం వైపు చూపుతుంది. భాషను బట్టి చాలామంది పరిశోధకులు క్రీ.పూ. 1500-1000 మధ్యకు తీసుకుపోతారు. కాలం ఏదైనా, ఆయనవని చెప్పదగిన 17 గాథలలో సమాజం స్పష్టంగా కనబడుతుంది. పశువులను మేపుకుని బతికే జనం వున్నారు. వారిమీద పడి మందలను తోలుకుపోయే దోపిడీ మూకలున్నారు. ఒక గాథలో ఆవు ఆత్మ తన గోడు దేవుని ముందు వెళ్ళబోసుకుంటుంది: నన్ను ఎందుకు పుట్టించారు, హింసా దౌర్జన్యమూ నన్ను చుట్టుముట్టాయి, మంచి కాపరి తప్ప నాకు దిక్కెవరు అని. ఆ దౌర్జన్యానికి వత్తాసు పలికే యాజకులనూ, చిన్న రాజులనూ గాథలు పేరు పెట్టి దుయ్యబడతాయి. మరొక గాథలో ప్రవక్త, నా వెంట మనుషులు కొద్దిమంది, పశువులు కొద్ది, నేనే దేశానికి పారిపోను అని వాపోతాడు. సత్యమూ అసత్యమూ అనే జంట పుట్టింది గాలిలో కాదు. మంద మేపేవాడికీ మంద దోచేవాడికీ మధ్య. జరతుష్ట్రుడు స్వయంగా యాజకుడే అయినా తన కులవృత్తి వారిని ఎదిరించి కాపరి పక్షం ఎన్నుకున్నాడు.

తర్వాత జరిగింది మన చరిత్రలో కూడా మనం ఎరిగిన కథే. కాపరి చేతిలోని మాట రాజు చేతికి పోయింది. క్రీ.పూ. 520 ప్రాంతాన దారయవహుడు బిహిస్తూన్ కొండమీద శాసనం చెక్కించాడు. అహుర మజ్దా దయవల్ల నేను రాజునైనాను అన్నాడు. తనపై తిరగబడిన వారందరినీ అబద్ధీకులన్నాడు. గమనించండి, అబద్ధీకుడు అనే పాత మాట మిగిలింది. దాని అర్థం మాత్రం దోచేవాడు పోయి తిరగబడేవాడు అయింది.

క్రీ.శ. 224 నుంచి 651 వరకు సాసానీయుల ఏలుబడిలో పురోహితుడు రాజుకు కుడిభుజమైనాడు. 3వ శతాబ్దంలో కర్తీర్ అనే మహాయాజకుడు యూదులనూ, శ్రమణులనూ, బ్రాహ్మణులనూ, క్రైస్తవులనూ, మానీ మతస్థులనూ రాజ్యంలో అణచివేశానని శాసనాలలో గొప్పగా చెప్పుకున్నాడు. ఎన్నుకోమన్న మతం ఎన్నుకున్నవారిని శిక్షించే మతమైంది. 5వ శతాబ్దం చివర, 6వ శతాబ్దం మొదట కవాద్ రాజు కాలంలో మజ్దక్ లేచాడు. ధాన్యమూ ధనమూ కొందరి గాదెల్లో మూలగడం చెడు సృష్టి పని, వాటిని పంచుకోవడం మంచి సృష్టి పని అన్నాడు. జరతుష్ట్రుడి మాటనే మళ్ళీ కాపరి చేతికి ఇవ్వబోయాడన్నమాట. 528-29 ప్రాంతాన ఖుస్రో అనూషిర్వాన్ చొరవతో మజ్దక్‌నూ అతని అనుచరులనూ చంపారు. ఆ ఖుస్రోకే చరిత్ర "న్యాయమూర్తి" అని బిరుదు ఇచ్చింది. మజ్దక్ రాసింది ఏదీ దక్కలేదు, అతని శత్రువులు రాసింది దక్కింది. ఆడవాళ్ళను కూడా ఉమ్మడి చేయమన్నాడని వారి నింద. ఆ నింద మనకు కొత్తది కాదు. ఆస్తి మాట ఎత్తిన ప్రతివాడి నెత్తినా అది పడుతూనే వచ్చింది.

ఇప్పుడు సంజాన్ రేవుకు రండి. అరబ్బుల విజయం తర్వాత, 8వ శతాబ్దానికీ 10వ శతాబ్దానికీ మధ్య ఎప్పుడో, కొందరు జరతుష్ట్రీయులు ఓడలెక్కి వచ్చారు. ఈ రాకను చెప్పే పాత కావ్యం కిస్సా-ఇ సంజాన్. 1600 ప్రాంతాన నవసారి పురోహితుడొకడు పారసీలో రాశాడు. చిత్రం ఏమంటే, మన వక్తలు పొగిడే పాలూ పంచదారా అందులో లేవు. అది నోటిమాటగా పెరిగిన కథ. కావ్యంలో వున్నవి షరతులు. మీ మతం ఏమిటో చెప్పండి. మీ భాష వదిలి ఈ దేశపు భాష మాట్లాడండి. మీ ఆడవారు ఈ దేశపు ఆడవారిలా బట్ట కట్టాలి. ఆయుధాలు దించండి. మీ పెండ్లి ఊరేగింపులు పొద్దుగూకిన తర్వాతే జరగాలి. ఈ కావ్యం జరిగినదానికి ఎన్నో శతాబ్దాల తర్వాతది కనుక దీన్ని కూడా అక్షరాలా నమ్మనక్కరలేదు. కాని ఆ జాతి తన జ్ఞాపకంలో దాచుకున్నది తీపిని కాదు, షరతులను.

పంచదార తానై కరగలేదు. కరిగితేనే వుండనిస్తామన్నారు.

అదైనా నిజంగా కరిగిందా? లేదు. మన సమాజానికి పరాయివాణ్ణి చేర్చుకునే పద్ధతి ఒకటే తెలుసు: నీవూ ఒక కులమై ఒక మూల కూర్చో, మా పంక్తికి రాకు, నీ పంక్తికి మేము రాము. పార్శీలు అట్లాగే ఒక కులమైనారు. గాథల్లో ఎవరికి వారు చేసుకోవలసిన ఎన్నిక ఇక్కడ పుట్టుకకు లొంగిపోయింది. దీనికి కోర్టు ముద్ర 1908లో పడింది. రతన్‌జీ దాదాభాయ్ టాటా ఒక ఫ్రెంచి యువతిని పెండ్లాడాడు. ఆమె జరతుష్ట్ర మతం తీసుకున్నది. ఆమెకు పార్శీల ధర్మనిధుల మీద, మందిరాల మీద హక్కు వుందా అన్న వివాదం బొంబాయి హైకోర్టుకు ఎక్కింది. ఇద్దరు న్యాయమూర్తులలో దావర్ స్వయంగా పార్శీ. మత సిద్ధాంతం పరులను చేర్చుకోవడాన్ని ఒప్పుతుంది, ఇక్కడి ఆచారం ఒప్పదు అని తేల్చారు. పార్శీ అంటే వలస వచ్చిన వారి సంతతి, లేదా పార్శీ తండ్రికి పుట్టి మతంలో చేరినవాడు, లేదా ఇరాన్ నుంచి వచ్చిన జరతుష్ట్రీయుడు. రెండో తరగతిని మళ్ళీ చదవండి. పార్శీ తండ్రి అన్నారు. తల్లి మాట లేదు.

ఈ మతం ఆడపిల్లకు, మగపిల్లవాడికి ఒకే దీక్ష ఇస్తుంది. నవ్‌జోత్ అనే ఆ దీక్షలో ఇద్దరికీ సుద్రె అనే తెల్ల చొక్కా, 72 పోగుల కుస్తీ అనే నడికట్టు కడతారు. మన ఉపనయనం మన ఆడపిల్లలకు నిరాకరించిన దాన్ని అది తొలినుంచి ఇచ్చింది. అటువంటి మతంలో పుట్టిన ఆడది పరమతస్థుణ్ణి పెండ్లాడితే ఏమవుతున్నది? 2012లో గుజరాత్ హైకోర్టు అటువంటి ఒక స్త్రీ విషయంలో, ప్రత్యేక వివాహ చట్టం కింద పెండ్లాడినా సరే, ఆమె భర్త మతంలోకి పోయినట్టే లెక్క అన్నది. తల్లిదండ్రుల అంత్యక్రియలకు వెళ్ళనివ్వమని ఆమె సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. 2017 డిసెంబరులో వల్సాడ్ అంజుమన్ వెళ్ళనిస్తామని కోర్టుకు చెప్పింది. కన్నవారి శవాన్ని చూడడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం కావలసి వచ్చింది! 1941లో అవిభక్త భారతంలో లక్షా పదిహేను వేల దరిదాపున వున్న పార్శీలు 2011 జనగణన నాటికి భారతదేశంలో 57,264 మంది. ఆలస్యపు పెళ్ళిళ్ళు, తక్కువ కానుపులు, వలసలు ఇందుకు పెద్ద కారణాలు. ఆడపిల్లల సంతానానికి తలుపు మూయడం ఆ గాయానికి కారం. ఉపన్యాసకులు ఆదర్శమని చూపే కలయిక ఫలితం ఇది. పార్శీలను తప్పుపట్టి చేతులు దులుపుకోవడానికి లేదు. పాడు పాత్రలో పోస్తే ఏ పాలైనా విరుగుతాయి. ఆ పాత్ర మనది. దాని పేరు కులం.

పంచదార కథకు మరో రహస్యం వున్నది. మన వక్తలకు తియ్యగా తోచేది పార్శీల మతం కాదు, వారి కొందరి డబ్బు. చీనాకు నల్లమందు ఎగుమతి చేసి పెరిగిన బొంబాయి కోటీశ్వరులను, మిల్లులను, ఉక్కు కర్మాగారాలను తలుచుకుని వారు "ఎంత బుద్ధిమంతులు!" అంటారు. మన సికిందరాబాదు చరిత్రనే తీసుకోండి. నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన విక్కాజీ, పెస్తన్‌జీ మెహర్జీ సోదరుల సంస్థకు మంత్రి చందూలాల్ 1841లో బాకీ కింద బేరారులో జిల్లాల శిస్తులు రాసిచ్చాడు. అప్పు చేసింది దర్బారు, ఇచ్చింది సాహుకారు, తీర్చవలసింది బేరారు రైతు! 1843లో చందూలాల్ దిగిపోయాక సంస్థ ఆ జిల్లాలు వదులుకోవలసి వచ్చింది. సికిందరాబాదులోని 1847 నాటి అగ్ని మందిరం ఈ సోదరులు కట్టించినదే. ఆవు గోడు విన్న దేవుని గుడి, శిస్తు గుత్త పట్టిన చేతులమీదుగా లేచింది. ఈ వైరుధ్యం పార్శీలకు ప్రత్యేకం కాదు. మన దేవాలయాలు ఎవరి వెట్టితో లేచాయో అడిగితే శాసనాలన్నీ తలవంచుకుంటాయి. సాహుకార్లను చూపి ఒక జాతినంతటినీ తిట్టడం ఎంత తప్పో, సాహుకార్లను చూపి ఆ జాతిని మెచ్చుకోవడం కూడా అంతే తప్పు.

మనం మెచ్చుకోవలసిన పార్శీలు వేరే వున్నారు. వారెవరూ కరగలేదు. దేశపు సంపద ఇంగ్లండుకు ఎట్లా తరలిపోతున్నదో లెక్కలు వేసి 1901లో పుస్తకం వేసిన దాదాభాయ్ నౌరోజీ బ్రిటిషువారి పాలలో తీపి కాలేదు. మిల్లు కూలీల పనిగంటలకు చట్టం కావాలని 1870లలో అడిగిన సొరాబ్జీ షాపూర్జీ బెంగాలీ సాటి మిల్లు యజమానులకు చేదైనాడు. బాల్యవివాహాల మీద 1884లో కలం ఎత్తిన మలబారీ మన ఛాందసులందరికీ కంట్లో నలుసైనాడు. 1907లో స్టుట్‌గార్ట్ అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో భారత స్వాతంత్ర్య పతాకం విప్పిన భికాజీ కామా అధికారానికి కారం. గాథల్లోని ఆ పాత ఎన్నికను, దోచేవాడి పక్షమా కాపరి పక్షమా అన్నదాన్ని, వీరు తమ కాలంలో మళ్ళీ చేశారు.

ఇక మనవైపు కూడా ఒక మాట. "మతం మత్తుమందు, దాన్ని గురించి ఇంత చర్చ ఎందుకు?" అనే యువకులు మనలో వున్నారు. మార్క్స్ ఆ మాట అన్నచోటే పీడితుని నిట్టూర్పు ప్రసక్తి కూడా వున్నదని వారికి గుర్తుచేయాలి. షాపూర్జీ సక్లత్‌వాలా సంగతి చూడండి. జంషెడ్జీ టాటాకు స్వయానా మేనల్లుడు. టాటాల కొలువు నుంచి కార్మికోద్యమంలోకి నడిచి, 1922లోనూ మళ్ళీ 1924లోనూ లండన్ బాటర్సీ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన కమ్యూనిస్టు. 1927లో ఆయన తన పిల్లలకు లండన్‌లో నవ్‌జోత్ చేయించాడు. పార్టీ బహిరంగంగా మందలించింది. కమ్యూనిస్టు నాయకుడు బహిరంగంగా మతదీక్ష జరిపించడం కార్మికులకు ఏ సంకేతం ఇస్తుందని పార్టీ అడగడం సబబే. కాని ఆ రోజున అడగని ప్రశ్న ఇంకొకటి వున్నది. ఆ పిల్లల తల్లి ఇంగ్లీషు శ్రామిక స్త్రీ. తండ్రి పార్శీ కనుక 1908 తీర్పు ప్రకారం ఆ పిల్లలకు తలుపు తెరుచుకున్నది. సక్లత్‌వాలా చెల్లెలొకతె ఇంగ్లీషువాణ్ణి పెండ్లాడి తన పిల్లలను తెస్తే? తలుపు తెరవరు. పూజ చేశాడా లేదా అన్నది పైపై ప్రశ్న. ఆ గడప ఎవరిని రానిస్తుంది, ఎవరిని ఆపుతుంది అన్నది అసలు ప్రశ్న. నాస్తికత్వం ప్రకటించి ఇంటికి పోయి కులంలో సంబంధం చూసుకునేవారికి ఈ రెండో ప్రశ్న గిట్టదు.

కలిసి బతకడానికి పంచదార తప్ప వేరే పోలిక లేదా అంటారేమో. మా నెల్లూరులోనే వున్నది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు కావాలన్నవాడు, సంతానం కావాలన్న ఇల్లాలు, ఇల్లు కావాలన్న కూలీ చెరువునీళ్ళలో నిలబడి, ఆ కోరిక నిరుడు తీరినవారి చేతినుంచి రొట్టె పుచ్చుకుంటారు. తమ కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి మరొకరికి రొట్టె ఇవ్వాలి. రొట్టెతో ఉద్యోగం రాదు, అది నాకూ తెలుసు. కాని పద్ధతి చూడండి. ఇచ్చేవాడు హిందువో ముస్లిమో అడగరు, పుచ్చుకునేవాడు కరిగిపోనక్కరలేదు. నిరుడు చేయి చాచినవాడే ఈ యేడు చేయి పైకెత్తి ఇస్తాడు. ఇందులో గిన్నె పంపే రాజు లేడు, షరతులూ లేవు. రోజుకూలీలు, పల్లెకారులు, బండి తోలేవాళ్ళు ఏ పండితుడి సాయమూ లేకుండా కనిపెట్టుకున్న మర్యాద ఇది.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ ఒకటే మనవి. మళ్ళీ ఎవరైనా వేదిక ఎక్కి పాలలో పంచదార కథ చెబితే చప్పట్లు కొట్టకముందు మూడు ప్రశ్నలు అడగండి. ఆ గిన్నె ఎవరిది? దాన్ని పంపే హక్కు రాజుకు ఎవరిచ్చారు? ఎవరి మార్గం వారే ఎన్నుకోమని పుట్టిన మతంలో, మనసుకు నచ్చినవాణ్ణి ఎన్నుకున్న పాపానికి ఒక కూతురు తన తండ్రి శవం దగ్గరికి పోవడానికి కోర్టు మెట్లు ఎందుకు ఎక్కవలసి వచ్చింది? వక్త దగ్గర జవాబు వుండదు. జవాబు మన ఇళ్ళల్లో, మన పెళ్ళిచూపుల్లో, మన ఊళ్ళ వాడల సరిహద్దుల్లో వున్నది. దాన్ని అక్కడినుంచి బయటికి లాగడమే మన పని.